పొయ్యి మీద పాలు పెట్టిపోయిన టీచరమ్మ

మంగళవారం పొద్దున్నే నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది, టీచరమ్మ చనిపోయిందని. కాఫీ గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. మా ఆయన నా ముఖం చూసి బండి తీశాడు. అవుకు నుంచి నంద్యాలకు బయలుదేరాం.

నంద్యాలలో ఉన్న ఏడేళ్లూ ఆమెది మా పక్కిల్లే. రిటైరైన టీచరు. భర్త లేడు, కొడుకూ కూతురూ వేరే ఊళ్లలో ఉండేవాళ్లు. వీధిలో ఎవరు ఎవరి మీద ఫిర్యాదు మోసుకొచ్చినా చేతికి చేట ఇచ్చేది. "చెనక్కాయలు ఒలువుమ్మా. ఆ మనిషి కూడా ఉన్నప్పుడు చెప్దువులే." ఈమెకు పొగరు అనుకునేదాన్ని.

మా ఆయన నాతో ఒక్కమాటైనా అనకుండా అవుకు బదిలీకి ఒప్పుకున్నాడు. నేను ఆయన్ని నిలదీయాల్సింది పోయి, ఆళ్లగడ్డలో మా అన్నకు ఫోన్ చేశాను. అన్న ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని దిగాడు. అది తెలిసి కొత్తపల్లె నుంచి మా ఆయన మేనమామ దిగాడు. గంట గడిచేసరికి బదిలీ సంగతి ఎవరికీ గుర్తు లేదు. మా పెళ్లిలో తనను రెండో బంతిలో కూర్చోబెట్టారని మేనమామ ఎత్తుకున్నాడు.

"మా చెల్లెల్ని మేం తీస్కపోతాం," అన్నాడు అన్న.

"తీస్కపోప్పా, ఎవరు వద్దనిరి?" అన్నాడు మేనమామ.

మమ్మల్నిద్దర్నీ మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఒక్కడే అవుకు వెళ్లిపోయాడు. నెలన్నర మాటల్లేవు. విడాకుల వకీలును చూశానని అన్న చెప్పిన రోజు నేను టీచరమ్మ ఇంటికి పోయాను.

అప్పుడు పంచాయితీకి పిలిస్తే ఆమె రాలేదు. ఎందుకు రాలేదని ఆ కోపంతో అడిగాను.

"మా చెల్లెలి కాపురంలో నేనూ ఇట్లే పెద్దరికం చేసినా. మొగుడూ పెండ్లాం కలిసిపోయిరి. అది నాతో మాట్లాడక ఇరవై ఏండ్లు," అని మళ్లీ చేట అందుకుంది.

ఒక ఆదివారం మా ఆయన బట్టల కోసం వచ్చాడు. టీచరమ్మ ఇద్దర్నీ ఉగ్గాని తినడానికి పిలిచింది. తిన్నాక బైబిలు తీసుకుని లేచింది.

"నేను చర్చికి పోతాండా. పొయ్యి మీద పాలుండాయి. పొంగకుండా ఇద్దరూ చూస్తాండండి."

పాలనెవరు చూశారు? నేను అరిచాను, ఆయన అరిచాడు. చివరికి, "నువ్వు రానంటావని భయమేసి చెప్పలే," అని ఏడ్చాడు. పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడిపోయింది.

ఆమెకు గడపలోనే వాసన తగిలింది. ఏం మాట్లాడుకున్నారని అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. "మాడనీలే, గిన్నెదేముంది," అని పీచు తీసుకుని తోముతూ కూర్చుంది. ఆమె లేకపోతే మా కాపురం ఆ పంచాయితీతోనే ముగిసిపోయేది.

మొన్న సమాధి దగ్గర నుంచి ఇంటికి రాగానే ఆమె కొడుకూ కూతురూ గొంతులు పెంచారు. అమ్మకు జబ్బు చేస్తే నువ్వు రాలేదంటే నువ్వు రాలేదని. చుట్టాలు కొందరు అటు, కొందరు ఇటు చేరుతున్నారు. నాకూ నాలుక దురద పెట్టింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

వంటింట్లోకి వెళ్లాను. ఆ గిన్నె అడుగున నల్ల మచ్చ ఇంకా ఉంది. అందులోనే పాలు పోసి, పొయ్యి వెలిగించి, వాళ్లిద్దర్నీ లోపలికి పిలిచాను.

"ఈ పాలు కొంచేపు చూస్తాండండి."

చుట్టాలందర్నీ వరండాలోకి తీసుకొచ్చి తలుపు దగ్గరికి వేశాను.

చాలాసేపటికి మాడు వాసన వచ్చింది. ఎవరో లేవబోతే మా ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"మాడనీండి," అన్నాడు.