రెండు డబ్బాలకు బొట్టు పెట్టిన పాపం

ఒక్క తూటా కూడా పేల్చకుండా పరువు పోగొట్టుకున్న తెలుగువాడు టెక్సస్ మొత్తం మీద నేనొక్కడినే అయి ఉంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, సంఘం పెట్టుకుందాం.

మా ఊరు కాపెల్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు పార్కింగ్‌లో ఒక ఆదివారం పట్టపగలు ఎవడో వచ్చి మా ఆవిడ సునీత మెడలో గొలుసు లాగబోయాడు. ఆమె అరిచిన అరుపుకి వాడు పారిపోయాడు. గొలుసు దక్కింది, మెడ మీద గీత పడింది. ఆ రోజు నుంచి సునీత ఒంటరిగా షాపుకి వెళ్ళడం మానేసింది. "నేనున్నాను కదా! తుపాకీ కొంటాను, లైసెన్స్ తీసుకుంటాను" అని హాల్లో నిలబడి ప్రకటించాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పరీక్షించకుండా టూత్‌బ్రష్ కూడా కొనను. అందుకని ముందుగా తూటా ఎంత లావు ఉండాలో తేల్చుకుందామని ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగాను. నా బుద్ధి గడ్డి తింది.

మొదటివాడు మా ఆఫీసు వెంకట్, వరంగల్ మనిషి. వాడి ఓటు సన్నటి నైన్ ఎమ్ఎమ్ తూటాకి. రెండో ఆయన రిటైరైన గుండె డాక్టరు గారు, గుంటూరు వారు, ఈ దేశానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆయన ఓటు లావుపాటి ఫార్టీఫైవ్‌కి. ఒక సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం చేతిలో పట్టుకుని ఇద్దరూ తగులుకున్నారు.

"డోసు ముఖ్యమయ్యా! అర మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుందా?" అన్నారు డాక్టరు గారు.

"తగలాలె కద సార్! మీ డోసు పోయి గోడకు తగిల్తె రోగికి తగ్గుతదా? నా దాంట్ల పదిహేను తూటాలు పడ్తయ్."

"పదిహేనా? దొంగోడేమన్నా పెళ్ళివారిని వెంటబెట్టుకొస్తాడా?"

నేను మధ్యలో కూర్చుని ఇద్దరికీ తలాడించాను. ఇంటికెళ్ళి ఎక్సెల్ షీట్ తెరిచాను. తూటా బరువు, వేగం, చెయ్యి వెనక్కి ఎంత తంతుంది, ఇలా ఇరవై రెండు కాలమ్‌లు. ఆలు లేదు చూలు లేదు, తూటా పేరు ఫార్టీఫైవ్! అప్పటికి నేను తుపాకీని ముట్టుకోను కూడా లేదు. సునీత అప్పుడప్పుడు "ఏమండీ, తేలిందా?" అని అడిగేది. "ఇంకొక్క కాలమ్" అనేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఎనిమిది నెలలూ కొత్తిమీర కట్ట కావాలన్నా ఇద్దరం కలిసే వెళ్ళాం.

చివరికి దసరా ముందు వెంకట్ నన్ను తుపాకుల షాపుకి లాక్కుపోయి నైన్ ఎమ్ఎమ్ పిస్తోలు, దానికి సరిపడే తూటాల డబ్బా కొనిపించాడు. మర్నాడే డాక్టరు గారి ఫోన్.

"ఏం కొన్నావు అబ్బాయ్?"

పెద్దాయన మనసు నొప్పించడం ఎందుకని, "మీరు చెప్పిందేనండీ" అన్నాను. ఆయన ఎంత పొంగిపోయారంటే సాయంత్రానికల్లా ఫార్టీఫైవ్ తూటాల డబ్బా పట్టుకుని వచ్చి, "దసరా కానుక" అని నా చేతిలో పెట్టారు. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. దండం పెట్టి పుచ్చుకున్నాను.

ఆయుధ పూజ నాడు మిక్సీ, ల్యాప్‌టాప్, కారు తాళాల పక్కన పిస్తోలు పెట్టె, తూటాల డబ్బాలు రెండూ పెట్టాను. భక్తి పొంగుకొచ్చి డబ్బాలకు అన్ని వైపులా పసుపు పూసి అరచేతి మందాన కుంకుమ అద్దాను.

"నంబర్ల మీద పెట్టకండీ, కనపడవు" అంది సునీత.

"అమ్మవారికి నంబర్లతో ఏం పని?" అన్నాను.

లైసెన్స్ కోసం చేరిన క్లాసు రోజు దాకా డబ్బాలు తెరవకూడదని నేనే ఒక నియమం కల్పించాను. పూజ చేసిన కుంకుమ తుడవకూడదన్నది ఎలాగూ ఉంది. క్లాసున్న శనివారం పొద్దున్నే ఒక డబ్బా తీసుకుని బయలుదేరాను. సునీత కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"నేనూ రిజిస్టర్ చేసుకున్నా. గన్ అక్కడే అద్దెకిస్తారట."

నాకు నవ్వొచ్చింది. కాలమ్‌లు లేవు, పరిశోధన లేదు, పాపం!

తుపాకీ పేల్చడం నేర్పే రేంజ్‌లో పాఠం చెప్పే ఆవిడ యాభై దాటిన టెక్సస్ మనిషి. "లోడ్ చేయండి" అంది. అందరూ చేశారు. నేను డబ్బా మూత తీశాను. తూటా పిస్తోలు మ్యాగజైన్‌లోకి దిగదు. బొటనవేలితో నొక్కాను, తిప్పి నొక్కాను, దండం పెట్టి నొక్కాను. ఊహూఁ! ఆవిడ వచ్చి తూటా చూసింది, పిస్తోలు చూసింది, ఎర్రబడ్డ నా వేళ్ళు చూసి కంగారు పడింది.

"రక్తమా?"

"కాదు మేడమ్, దేవుడు."

ఆవిడ గోటితో డబ్బా మీద కుంకుమ గీకింది. కింద నుంచి ఫార్టీఫైవ్ నన్ను చూసి నవ్వింది. వెంకట్ తుపాకీ, డాక్టరు గారి తూటా! ఇద్దరినీ మెప్పించబోయి రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. పన్నెండు మంది నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ అనుమతి తీసుకుని సునీత తను అక్కడే కొన్న తూటాల డబ్బా నా ముందు పెట్టింది. "ఇవి వాడండి, సరిపోతాయి."

"నీకెలా తెలుసు?"

"ఈ డబ్బా మీద నంబరు, మీ గన్ మీద నంబరు ఒకటే. నాకు తెలిసింది అంతే."

సునీత పాసైంది. నేను, వెంకట్ చెప్పినట్టే, మొదటి డోసు గోడకు వేశాను. మిగతావి కూడా దాదాపు అటే వెళ్ళాయి. ఫెయిల్.

మరుసటి ఆదివారం సునీత కారు తాళాలు తీసుకుంది. ఎనిమిది నెలలు దాటాక మొదటిసారి ఒంటరిగా షాపుకి వెళుతోంది. సంతోషమేసింది. ఇన్నాళ్ళూ ఆమె భయాన్ని ఎక్సెల్‌లో పెట్టి కూర్చున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది కూడా.

"నేనూ రానా?" అన్నాను.

"వద్దులెండి. మీరొస్తే ఏ నూనె కొనాలో తేలడానికి ఇంకో ఎనిమిది నెలలు పడుతుంది."

కాబట్టి మిక్సీ, ల్యాప్‌టాప్, కారు తాళాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఇద్దరు పెద్దమనుషులను ఒకే ప్రశ్న అడగను. ఒకవేళ అడిగినా, నంబరు మీద మాత్రం బొట్టు పెట్టను.