ఆకుపచ్చ గీతలు

మా నాన్న తుని మీదుగా కలకత్తాకు చేపల లారీ తోలినవాడు. చూపు మసకబారి బండి మానేశాక, నిడదవోలులో మా అరుగు మీద కూర్చుని వచ్చేపోయే లారీల డ్రైవర్లను తిట్టడం పనిగా పెట్టుకున్నాడు. రాజమండ్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించాక, నా గేమింగ్ కంప్యూటర్లో లారీ తోలే ఆట పెట్టిచ్చాను. ఏ దేశానివో తెలియని రోడ్ల మీద, ఎదుటి బండివాణ్ణి అచ్చ తెలుగులో తిడుతూ, గంటల తరబడి తోలేవాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

ఒకరోజు, "తెరంతా ఆకుపచ్చ గీతలొస్తున్నాయేంటమ్మా?" అన్నాడు.

కేబుల్ మార్చాను. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాను. గంటసేపు ఆడి చూశాను. ఒక్క గీత లేదు.

"బాగానే ఉంది నాన్నా."

"అలాగా," అన్నాడు.

మళ్ళీ చెప్పాడు, మళ్ళీ చూశాను, మళ్ళీ బాగానే ఉంది. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. కొన్నాళ్ళకు ఆటా మానేశాడు. విసుగొచ్చిందన్నాడు. కంటి చుక్కల మందు మాత్రం తొందరగా అయిపోయేది. చివరికి అరుగు మీద కూర్చుని కూడా ఎవరినీ తిట్టడం లేదు. అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది.

మా ఇంట్లో ముసుగు లేని వస్తువు ఉండదు. ఫ్రిజ్జుకు, మిక్సీకి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కు కూడా అమ్మ గుడ్డ కుట్టింది. వెనక రైసుమిల్లు నుంచి ఊక దుమ్ము వస్తుందని నా కంప్యూటర్ కేబినెట్‌కూ మందపాటి ముసుగు కుట్టింది. బాగుచేయడానికి కూర్చున్నప్పుడల్లా నేను మొదట చేసే పని దాన్ని తీసి మంచం మీద పడేయడం. నేను లేవగానే అమ్మ మొదట చేసే పని దాన్ని మళ్ళీ తొడగడం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ముసుగు తీయకుండానే ఆటకు కూర్చున్నాను. అరగంటకు తెర నిండా ఆకుపచ్చ గీతలు. కేబినెట్ మీద చెయ్యి పెడితే అట్ల పెనంలా కాలుతోంది.

"అమ్మా! నీ గుడ్డ కప్పితే గాలాడక ఉడికిపోతోంది! తెరంతా గీతలే!"

"మరి దుమ్ము పడదేంటి?" అంది వంటింట్లోంచి అమ్మ. తప్పు ఒప్పుకోవడం వాళ్ళ వంశంలో లేదు.

పక్క గదిలో పడుకున్న నాన్న లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర వైపు చాలాసేపు చూశాడు.

"నీక్కూడా కనబడుతున్నాయా అమ్మా?"

నేను బాగానే ఉందన్న ప్రతిసారీ, ఆపరేషన్ చెడిందనే అనుకున్నాడన్నమాట. ఎవరికీ చెప్పకుండా, చుక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"కనబడుతున్నాయి నాన్నా."

ఆయన ముసుగును లాగి మంచం మీద పడేశాడు.

"అయితే లే," అన్నాడు. "నా బండి రోడ్డు మధ్యలో ఆపేసి వచ్చాను."