పాఠం కోసం మోసిన మూటలు

"బిడ్డను ఊరు దాటించప్పా. లేకుంటే మేమే దాటిస్తాము!" మా వాకిట్లో జనం నాన్నను చుట్టుముట్టారు. లోపల నాలుగేళ్ల చెల్లెలు జ్వరంతో మూలుగుతోంది.

అవి యాభైల నాటి రోజులు. మాది బాగేపల్లి దగ్గర చాకవేలు. బెంగళూరు నుంచి వచ్చిన మా కొత్త మేష్టరు ఏ పాఠమైనా పిల్లలతో ఆడించి చెప్పేవారు. ఆ ఉదయం ఇటలీ కథ ఒకటి మొదలుపెట్టారు. అందులో ప్లేగుకు భయపడి ఊరు విడిచినవాళ్లు తోటలో కూర్చుని కథలు చెప్పుకుంటారు. మేమూ అలాగే చెప్పాలని మా నెత్తిన మూటలు పెట్టించి చింతతోపుకు నడిపించారు.

ఎలుకలు చచ్చి రాలితే ఇళ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం మా ఊరికి అలవాటు. ఆ సంగతి ఆయనకు తెలియదు. మూటలతో వెళ్తున్న పిల్లలను చూసి ఊరంతా ప్లేగే వచ్చిందనుకుంది. జ్వరం ఉన్నది మా ఇంట్లోనే. అరుపులు విని నేను ఇంటికి పరుగెత్తాను. మేష్టరు నా వెనకే వచ్చారు.

"ప్లేగు లేదు, అది పాఠం" అన్నారాయన.

"పాఠానికి మూటలేల సామీ? బిడ్డకు జరం ఉండాదే!" అంది పక్కింటి వెంకటమ్మ. ఎవరో కర్రతో తలుపు నెట్టారు. అమ్మ చెల్లెలిని గుండెకు అదుముకుంది.

మేష్టరు చెల్లెలిని అందుకుని, ఒడిలో పెట్టుకుని గడపలో కూర్చున్నారు. "ప్లేగయితే ముందు నాకే తగులుతుంది. చూస్తూ ఉండండి."

జనం వెనక్కి జరిగారు కానీ చీకటి పడేదాకా కదలలేదు. తరువాత పత్రికా ఉద్యోగంలో ఎన్నో గుంపులను చూశాను. ఆనాటి భయం మళ్లీ కలగలేదు.

చెల్లెలు కోలుకుంది. కబురంపినా బాగేపల్లి డాక్టరు రాలేదు. అది ఏ జ్వరమో ఈనాటికీ మాకు తెలియదు.