మామ చెదరగొట్టిన ఆట

పెళ్ళయి రెండేళ్ళయింది. అత్తవారింట్లో, పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని చదరంగం పుస్తకం చదివేదాన్ని. అందులోని గొప్ప ఆటగాళ్ళ ఆటలను ఒక్కో ఎత్తుగా బల్ల మీద పేర్చి చూసుకునేదాన్ని.

ఓ ఆదివారం మామగారు, "పుస్తకం సదివితే ఆటొస్తదా? నాతోని ఆడు. ఓడితే గా పుస్తకం పొయ్యిలకే" అన్నారు. ఇరుగుపొరుగువాళ్ళు అరుగు మీద చేరారు.

ఆట మధ్యలో రాజును రెండు గళ్ళు జరిపి, ఏనుగును రాజుకు అవతలి పక్కన పెట్టాను.

"గిదేంది, దొంగాటనా? రాజు ఒక్క గడే నడుస్తడు!"

"గిది కోట కట్టుడు మామా. పుస్తకంల ఉన్నది, చూడుండ్రి."

"నా ఇంట్ల నా ఆటనే!" అంటూ కాయలన్నీ తోసేశారు. అందరూ నవ్వారు. పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

 ఒక్కో కాయనూ ఏరి, ఏది ఏ గడిలో ఉండిందో అక్కడే పెట్టాను. రాజును కోటలోనే పెట్టాను.

"ఎత్తు మీదే మామా" అన్నాను.

ఆయన బల్లను చూసి, ఆడకుండానే లేచి వెళ్ళిపోయారు. ఆ పూట పొయ్యి వెలిగించింది నేనే. పుస్తకం చంకలోనే ఉంది.

పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. రేపు ఈ పిల్ల ఆట ఎవరు చెదరగొడతారోనని భయమే. మళ్ళీ పేర్చడం మాత్రం నేర్పుతాను.