చాక్‌పీసు మాస్టారి పరీక్ష

వృత్తివిద్యా పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా, ఇనుప కడ్డీలు చెక్కే లేత్ మెషిన్ పాఠం చెబుతున్న మాస్టారు, లేత్‌ని ముట్టుకుని పద్దెనిమిదేళ్లయింది. బడిలో ఉన్న ఒక్క మెషినూ మూలపడితే, దాన్ని నల్లబల్ల మీదికి ఎక్కించాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, బొమ్మ మాత్రం అద్భుతంగా వేసేవాడు. పిల్లలు చాటుగా చాక్‌పీసు మాస్టారు అనేవారు. అది బిరుదని ఆయన మురిసిపోయేవాడు.

ఈ ఏడు బడికీ, ఊరి చివర ఫ్యాక్టరీకీ ఒప్పందం కుదిరింది. పిల్లలు అక్కడ పని నేర్చుకుంటారు. అంతకుముందు మాస్టారు నెల రోజులు లేత్ మీద పనిచేసి, ఫోర్‌మన్ చేత పాస్ అనిపించుకోవాలి. లేకపోతే ఆ తరగతి ఇంకొకరికి పోతుంది.

"మీకేం భయమండీ, పాఠం చెప్పేవారే కదా!" అంది భార్య. మాస్టారి గుండెల్లో రాయి పడింది.

తీరా వెళ్లి చూస్తే ఫోర్‌మన్ ఎవరు? చేతిరాత బాగాలేదని ఆయన రెండుసార్లు ఫెయిల్ చేసిన అమ్మాయి.

"రండి సార్. ముందు ఆ చెప్పులు తీసి బూట్లు వేసుకోండి," అంది.

మొదటివారం మాస్టారు లేత్ పక్కన నిలబడి దాని భాగాలన్నీ గడగడా అప్పజెప్పాడు. లేత్ కదిలితే ఒట్టు. రెండోవారం కదిలింది, ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు. "పైన పటారం, లోన లొటారం," అని పక్క మెషిన్ పెద్దాయన నవ్వాడు. మూడోవారానికి వేళ్ల నిండా గాట్లు పడ్డాయి, నోరు తగ్గింది.

చివరి రోజు ఒక కడ్డీని కొలతకి తగ్గట్టు చెక్కి ఇవ్వాలి. చెక్కాడు. కొలిచాడు. వెంట్రుకవాసి తక్కువ! చూడ్డానికి మాత్రం తళతళలాడుతోంది. అమ్మాయి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. పాత గురువని చూడకుండానే సంతకం పెట్టేస్తుందేమోనని ఆశ పుట్టింది. అంతలోనే సిగ్గేసింది. తీసుకెళ్లి తుక్కుడబ్బాలో పడేశాడు.

"ఇంకోటి ఇవ్వమ్మా. అది పనికిరాదు."

ఆమె పాస్ కాగితం తీసి సంతకం పెట్టేసింది.

"రెండోది ఇంకా చెయ్యందే ఎలా?" అన్నాడు మాస్టారు, కంగారుగా.

"చెక్కడం మెల్లగా అదే వస్తుంది సార్. పాడైందని తమంతట తామే పారేసేవాళ్లు దొరకరు."

ఆమె భోజనానికి వెళ్లిపోయింది. మాస్టారు కాగితం జేబులో పెట్టుకుని మళ్లీ లేత్ దగ్గర నిలబడ్డాడు. రెండోదీ తుక్కులోకే పోయింది. మూడోది కొలతకి సరిగ్గా కుదిరింది. చూపిద్దామని చుట్టూ చూస్తే షెడ్డులో నరపురుగు లేదు. అయినా ఆయనకి పట్టరాని సంతోషం వేసింది.