మూడోసారి అన్నాక

గోపాలపట్నం మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే పక్కనే ఆగిన ఆటోలోంచి నా గొంతు వినిపించింది.

"తొమ్మిదొందలు! తొమ్మిదొందలు! ఒకటోసారి! రెండోసారి!"

క్యాన్సర్ అని డాక్టర్లు నా స్వరపేటిక తీసేసి మూడేళ్లు దాటింది. మెడకు కన్నం ఉంది, నోట మాట లేదు. మరి ఆటోలో అరుస్తున్నది ఎవరు?

నేనే. ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు చేపల వేలం వేసినవాణ్ణి. బడికి పోలేదు. చేపలు చుట్టే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నాను. నా నోట మూడోసారి అన్న మాట వచ్చాక ఇక ధర మారేది కాదు. ఒకసారి వెనకెవరో వేలెత్తడం చూడకుండా ఒక ఆడమనిషి అమ్మకానికి తెచ్చిన వంజరం చేపల పోగుకు సగం ధరకే మూడోసారి అనేశాను. ఆవిడ కాళ్లావేళ్లా పడింది. తప్పు నాదేనని తెలిసీ మార్చలేదు. మార్చితే రేపటినుంచి నా మాట ఎవరు నమ్ముతారు?

ఆటోలో రెండోసారి దగ్గరే నా గొంతు ఆగింది. పాటలో తుపాకీ పేలింది. హార్బర్ నాది, కత్తి నాది, నీ తలకు ధర పెట్టానంటూ ఒకడు ర్యాప్ అందుకున్నాడు. నేను చేపకు పలికిన ధరను మనిషి తలకు తగిలించాడు!

వాణ్ణి గుర్తుపట్టాను. హార్బర్ దగ్గర మా పాత ఇంటి పక్కన ఉండే బోటు డ్రైవరు కొడుకు. ముప్పై దాటినవాడు. నా ఆపరేషనుకు ముందు ఒకరోజు తెల్లవారుజామున ఫోను పట్టుకుని వేలం దగ్గర నిలబడ్డాడు, చేపల ఫొటోలు తీస్తున్నాడనుకున్నాను. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తూనే పాటలు కట్టేవాడు. ఇప్పుడు హైదరాబాదులో షోలట. వీడియోలో నల్లకళ్లద్దాలు, మెడనిండా గొలుసులు, వెనక కత్తులు పట్టిన ముఠా. ఆ ముఠా అంతా లేతు షాపువాళ్లే, ఇద్దరి పెళ్లిభోజనాలు నేను తిన్నాను. నెత్తురు చూస్తూ పెరిగానని ఇంటర్వ్యూలో చెప్పాడు. చూశాడు, చేపల నెత్తురు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునేవాడు! ఏం చేస్తాడు, వాళ్ల నాన్న తుఫానులో బోటు నడిపాడంటే ఈ లోకం వినదు. కత్తి పట్టాడంటే చెవులు రిక్కిస్తుంది.

టీకొట్టు దగ్గర హార్బర్ నాటి స్నేహితుడు అందరి ముందూ అడిగాడు.

"ఏటి బావా, మా బామ్మర్దిని లేపీడానికి తొమ్మిదొందలేనా? అప్పు పెట్టుకుంతావేటి?"

అందరూ నవ్వారు. పాత రోజుల్లో అయితే వాణ్ణి ఒక్క మాటతో కూర్చోబెట్టేవాణ్ణి.

రమ్మని ఆ ర్యాపర్‌కు కబురు పెట్టాను. వచ్చాడు, అది ఒప్పుకోవాలి. నా గదిలో ఉన్న ఒక్క కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టి పలక తీసుకున్నాను.

'నా గొంతు తియ్యి.'

"మావా, పాటకి అదే పేనం. తీసీసినామంటే ఇంకేటుంతాది?"

చెరిపి మళ్లీ అదే రాశాను.

"ఎవుడేటన్నాడు నిన్ను? పేరు సెప్పు, నాను మాటాడతాను." నేను పలక దించలేదు. వాడు ఫోను చేతిలో అటూఇటూ తిప్పాడు. "హార్బర్లో పుట్టినోణ్ణి, నాకు తెల్దేటి? రెండుసార్లు అన్నావ్. మూడోసారీ అనీ, తీసెత్తాను. పాట మళ్లీ కొత్తగా ఎక్కించాల, ఇన్నాళ్లూ సూసినోళ్ల లెక్కంతా పోద్ది, పోన్లే. కానీ మావా, ముందు ఒక్కపాలి ఇను. ఆ రోజు తీసిందంతా ఉంది."

వాడు చాచిన ఇయర్‌ఫోన్లను నెట్టేశాను. మూడోసారి రాశాను.

వాడు లేచాడు. గడప దాటాక చెప్పులేసుకుంటూ దండం పెట్టాడు.

పదిరోజులకు టీకొట్టతను కొత్త పాట వినిపించాడు. నా చోట ఎవడిదో గొంతు. తొమ్మిదొందలు అనడం కూడా రాదు వాడికి, ఊపిరి ఎక్కడ పీల్చాలో తెలియదు. కోపం రావాలి, రాలేదు. భయం వేసింది. నా గొంతు ఇంకెక్కడ ఉంది? సందు చివర నేను మాట్లాడుతుండగానే నా గొంతును బట్టి ఆ రోజు బోట్లకు చేప పడిందో లేదో ఇంట్లోంచి చెప్పేసేది మా ఆవిడ. ఆమె పోయింది. కొత్త వేలంపాటగాడు వచ్చి చాలాకాలమైంది.

సిగ్గు చంపుకుని టీకొట్టతని ఫోన్లో అడిగించాను, ఆ రోజు తీసింది ఒకసారి పంపమని. సాయంత్రానికి వాడి మాట వచ్చింది.

"మావా, నేదు. నువ్ తియ్యమన్నావని ఫోన్లోదీ తీసీసినాను. మూడోసారి అన్నావ్ కదా."

తప్పు పట్టడానికి లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఆనాడు సగం ధరకే వంజరం పోగొట్టుకున్న ఆ ఆడమనిషి ఖాళీ గంప బోర్లించుకుని దానిమీదే చాలాసేపు కూర్చుంది. నేను అటు చూడకుండా తర్వాతి పోగు దగ్గరికి వెళ్లిపోయాను.