బాపును నెల రోజులు పస్తు పెట్టిన ఫైలు

నా చేతి మీదుగా జరిగిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఇంట్లోనే సర్దుకుపోయాయి, కొన్ని నాకు మాత్రమే తెలుసు. ఆటోకు కట్టిన మైకులో ఊరంతా విన్న తప్పు ఒక్కటే. ఆ ఒక్క తప్పుతో, చక్కెర వ్యాధి ఉన్న మా బాపును, అంటే నాన్నను, నెల రోజులు అన్నం లేకుండా కూర్చోబెట్టినంత పని చేశాను. అదీ ఆయనకు ఒక్క మాట చెప్పకుండా.

కేసముద్రం మార్కెట్ యార్డు పక్క సందులో మా ఇల్లు. కింద బాపు ఆడ్తి దుకాణం, పైన మేము. రైతులు తెచ్చిన మక్కలు అనే మొక్కజొన్నలు, పత్తి, మిరప కాంటా పెట్టించి అమ్మించడం బాపు పని. సోమనర్సయ్య సేటు అంటే యార్డులో తెలియనివారు లేరు. నేనేమో వరంగల్‌లో ఎంసీఏ చదివి ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఉద్యోగం దొరకలేదని నేనెప్పుడూ అనలేదు. హైదరాబాదులో బందులు తగ్గాక వెళ్తానని చెప్పేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులు కాబట్టి ఆ మాటను ఎవరూ కాదనలేకపోయేవారు.

మా ఊళ్లో స్టేషనుకు పోయే దారిలో టెంటు ఉండేది. అందులో రిలే నిరాహార దీక్షలు. రోజుకొక వర్గం వచ్చి పొద్దున దండలు వేయించుకుని కూర్చుంటారు. సాయంత్రం ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి లేపుతాడు. మర్నాడు ఇంకొకరు. ఈ టెంటు బాధ్యత యాకయ్య సార్‌ది. జూనియర్ కాలేజీలో నాకు లెక్కలు చెప్పిన సారు. ఒకనాడు టీచర్లు, హమాలీలు ఒకే రోజు దండలతో సహా దిగారు. మేం కూర్చుంటామంటే మేం కూర్చుంటామని పోట్లాట. పస్తుండడానికి అంత పోటీ నేను ఇంకెక్కడా చూడలేదు. ఇద్దరినీ సముదాయించలేక సారు అలసిపోయి మా ఇంటి మెట్లెక్కి వచ్చారు. ఎవరు ఏ రోజు కూర్చుంటారో ముందే పేరు రాసుకునేలా ఇంటర్నెట్‌లో ఒక పేజీ చేయగలవా అని అడిగారు. బొంబాయిలో, దుబాయిలో ఉన్న మనవాళ్లు కూడా చూసుకుంటారని ఆయన ఆశ.

చేయగలనా అంటే నాకు పౌరుషం వచ్చింది. పీహెచ్‌పీలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు, తేదీ నింపి బటన్ నొక్కితే ఆ వివరాలు ఒక ఫైలులోకి వెళ్తాయి. మళ్లీ అదే ఫైలును చదివి, పేజీ కింద నెల మొత్తం పేర్లు చూపిస్తుంది. నా కంప్యూటర్‌లో అది ముచ్చటగా నడిచింది. అద్దెకు తీసుకున్న సర్వర్ మీద పెట్టి బటన్ నొక్కగానే పేజీ నెత్తిన ఇంగ్లీషులో ఒక పొడుగాటి వాక్యం పడింది. అందులో నాకు అర్థమైనవి రెండే ముక్కలు: పర్మిషన్ డినైడ్.

నా క్లాస్‌మేట్ స్వరూప హైదరాబాదులో అలాంటి సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసేది. ఫోన్ చేశాను. ఫైలు నా పేరు మీద ఉందట, కానీ అందులో రాసేది నేను కాదట. పేజీ నడిపే సర్వర్ అనే వేరే మనిషి రాస్తుందట, దానికి రాసే అనుమతి నేను ఇవ్వలేదట.

"దుకాణం తాళంచెవి నీ కొంగున కట్టుకుంటే హమాలీ బస్తా లోపల ఎట్ల పెడ్తడే?" అంది.

ఇదే మాట యాకయ్య సార్‌కు చెప్పాను. ఫైలు మనదే సార్, రాసే అధికారం మాత్రం వేరేవాళ్లకు ఉండాలట అన్నాను. సారు కాసేపు కిటికీలోంచి చూసి, "గందుకే గద బిడ్డా టెంట్ల కూసున్నం" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పోతూ పోతూ ఆయన ఒక జాగ్రత్త చెప్పారు. బందుకు ముందు రోజు పోలీసులు వచ్చి ముందస్తుగా పట్టుకుపోతున్న కాలం అది. ఫోన్ నంబర్లు వాళ్ల చేతిలో పడకూడదన్నారు. నేను తల ఊపాను. అసలు అనర్థం ఆ తల ఊపడంలోనే ఉంది.

ఫైళ్లు సర్వర్‌కు ఎక్కించే ప్రోగ్రాంలో అనుమతులకు చిన్న చిన్న గడులు ఉంటాయి. యజమానికి, గుంపుకు, ఇతరులకు, ఒక్కొక్కరికి చదవడం, రాయడం, నడపడం అని. రాయడం గడులన్నింటిలో టిక్కు పెట్టాను. అక్కడితో చేయి తీసేసి ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు పోలీసులు గుర్తొచ్చారు. రాయడానికి కదా అనుమతి కావలసింది, చదవడానికి ఎందుకు? చదివితే వాళ్లే చదువుతారు. అందుకని చదవడం గడులన్నింటిలో టిక్కులు తీసేశాను. పోలీసు శాఖ మొత్తాన్ని మా సందు చివరే ఆపేసినట్టు అనిపించి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇక పరీక్షించాలి. 'పేరు' అని గడి కనబడితే నా చేతికి మొదట వచ్చేది బాపు పేరే. బడిలో చేరిన నాటి నుంచి ఏ ఫారం నింపినా, ఏ సర్టిఫికెట్ తీసుకున్నా నా పేరు పక్కన ఆయన పేరు రాసి రాసి అలవాటు. సోమనర్సయ్య, కేసముద్రం అని కొట్టి, మర్నాటి తేదీ పెట్టి బటన్ నొక్కాను. మళ్లీ అదే: పర్మిషన్ డినైడ్. తేదీలో ఏదైనా తిరకాసు ఉందేమోనని ఆ మర్నాటిది పెట్టాను. అదే మాట. ఆ తర్వాతిది, దాని తర్వాతిది. నెలాఖరు దాకా అన్ని తేదీలూ అయిపోయాయి. కోపం వచ్చి, ఉన్న గడులన్నింటిలో టిక్కులు కొట్టేశాను. ఎవరైనా చదవండి, ఎవరైనా రాయండి, ఏమైనా చేసుకోండి అన్నట్టు. పేజీని మళ్లీ తెరిస్తే ఆ ఇంగ్లీషు వాక్యం మాయమైంది. కిందికి జరిపి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. సార్‌కు ఫోన్ చేసి పేజీ నడుస్తున్నదని చెప్పి, మధ్యాహ్నం దాటాక అన్నానికి కూర్చున్నాను.

అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ పప్పుచారు పోస్తుండగా సందు మొదట్లో ఆటో మైకు మోగింది.

"మన ఆడ్తిదారు సోమనర్సయ్య సేటు రేపటి సంది నెలాఖరు దాకా, రోజు తప్పకుంట, దీక్షల కూసుంటున్నరు. వారికి ఉద్యమ వందనాలు."

అవ్వ చేతిలో గంటె ఆగిపోయింది. చారు నా కంచం నిండి, అంచు దాటి, చాప మీదికి పోతూనే ఉంది.

"మీ బాపేనా?" అంది. "పన్నెండు కొట్టంగనే కంచం ముందట ఉండే మనిషి గాయిన. నెలంత అంటరేంది?"

ఎంగిలి చేత్తోనే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి పేజీ కిందికి జరిపాను. నెలాఖరు దాకా ప్రతి తేదీ పక్కనా మా బాపే ఉన్నాడు. సారు కాలేజీలో కంప్యూటర్ తెరిచి ఇది చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, వెంటనే ఆటోను పంపించారని తర్వాత తెలిసింది. స్వరూపకు ఫోన్ చేశాను. ఆమె ఓపికగా విని చెప్పింది: ఆ పొడుగాటి వాక్యం చివర, తప్పు ప్రోగ్రాంలో ఎన్నవ వరుసలో జరిగిందో చెప్పే అంకె ఉంటుంది. మొదట ఆగింది రాసే వరుసలో. నేను టిక్కులు మార్చాక రాయడం చక్కగానే జరిగింది, ఆగింది చదివే వరుసలో. నేను పోలీసుల నుంచి దాచిన ఫైలును నా పేజీ కూడా చదవలేకపోయింది. అన్ని టిక్కులూ కొట్టగానే లోపల మూగిన బాపులందరూ ఒక్కసారి బయటికి వచ్చారు. ఇదంతా చెప్పి, ఆమె ఫోన్ పక్కన పెట్టి నవ్వుకోవడం వినిపించింది.

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు బాపు కూర్చోకపోతే, మైకులో చెప్పించుకుని తప్పించుకున్నాడని ఊరంతా అంటుంది. కూర్చుంటే ఒంట్లో చక్కెర ఏమవుతుందో తెలియదు. పైగా ఆయన ఆ టెంటులో ఒక్కరోజు కూడా అడుగు పెట్టలేదు. టీలు పంపేవాడు, నీళ్లు పంపేవాడు, తను మాత్రం దుకాణం దాటేవాడు కాదు. ఆయనకు ఇవన్నీ ఇష్టం లేదనే నేను అనుకునేదాన్ని.

యార్డులో కాంటా దగ్గర తన పేరు తనే విని బాపు ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాడు. నేను ఫైలు గురించి, టిక్కుల గురించి, పోలీసుల గురించి అంతా చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఆటోను మళ్లీ పంపించి, పొరపాటైందని చెప్పిస్తానన్నాను.

"ఏమని చెప్పిస్తవ్? సోమనర్సయ్య కూసుంటలేడు అనా?" అన్నాడు.



"పొద్దుగాల ఎన్నింటికి పోవాలె?" అని మళ్లీ తనే అడిగాడు.

అవ్వ మందుబిళ్లలు, షుగరు, డాక్టరు అంటూ మొదలుపెట్టింది. బాపు విన్నాడు, ఒప్పుకోలేదు. చివరికి, సాయంత్రం దాకా ఒక్క రోజే కూర్చునేటట్టు, కళ్లు తిరిగితే వెంటనే లేచేటట్టు, డాక్టరు దగ్గరే ఉండేటట్టు సారుతో ఒప్పందం కుదిరింది. అవ్వ ఆయన అంగీ జేబులో చక్కెర పొట్లం పెట్టి, దాని మీద పిన్నీసు గుచ్చింది. దీక్షకు పోయే మనిషి జేబులో తిండి పెట్టి పంపిన ఇల్లాలు ఉద్యమంలో మా అవ్వ ఒక్కతే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున దండ వేసుకుని బాపు టెంటులో పరుపు మీద కూర్చున్నాడు. యార్డు హమాలీలు, రైతులు వచ్చి చూసిపోతూనే ఉన్నారు. ఎదురుగా ఉండే మిర్చి బజ్జీల బండి ఆయన, సేటు ముందు నూనె కాగబెట్టడం పాపమనుకుని, బండిని యార్డు గేటు అవతలికి తోసుకుపోయాడు. బాపు అది చూసి నాతో నెమ్మదిగా, వాసనన్నా ఉంటే పొద్దు గడిచేది అన్నాడు. పన్నెండైంది. ఆయన చేయి అలవాటుగా ముందుకు కదిలి, కంచం లేదని గుర్తొచ్చి మోకాలి మీద ఆగింది. నేను అటు చూడలేకపోయాను.

సాయంత్రం నిమ్మరసానికి ముందు సారు మైకు ఆయనకు ఇచ్చారు. బాపు మైకులో మాట్లాడిన మనిషి కాదు. దాన్ని కాస్త దూరం పెట్టుకుని మాట్లాడాడు.

"అరవై తొమ్మిది ఉద్యమమప్పుడు మానుకోటల సదువుకుంటుంటి. దోస్తులందరు పోయి కూసున్నరు. నేను పోదమనేసరికి మా నాయిన వచ్చి రైలెక్కిచ్చి దుకాణంల కూసోబెట్టిండు. అప్పటిసంది గాడ్నే ఉన్న. ఈసారి గిట్ల టెంటు వడ్డది. అందరచ్చి చందా అడిగిన్రు, ఇచ్చిన. టీ అడిగిన్రు, పంపిన. సేటూ, నువ్వు కూసుంటవా అని మాత్రం ఒక్కరడగలే. నా బిడ్డ అడగకుండనే రాసింది."

సారు తల దించుకున్నారు. అడగని వాళ్లలో నేనూ ఉన్నాను, అది కూడా ఒకే ఇంట్లో ఉండి. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఆ రాత్రే మిగిలిన తేదీల నుంచి బాపు పేరు తీసేశాను. స్వరూప నన్ను తీరిగ్గా తిట్టింది. అన్ని టిక్కులూ కొట్టడమంటే దర్వాజలు, కిటికీలు, పెరటి తలుపు అన్నీ తెరిచి ఊరికి పోవడమేనట, అదే సర్వర్‌లో ఉన్న ఇంకెవరైనా వచ్చి ఏమైనా రాసిపోవచ్చట. బుద్ధిగా విని, నేను మళ్లీ నా తీరులోనే దిద్దాను. చదవడం గడులు తప్ప మిగతా టిక్కులన్నీ తీసేశాను. పేజీ చక్కగా కనబడుతున్నది, ఆ నెలకు అందరూ అప్పటికే రాసుకున్న పేర్లన్నీ ఉన్నాయి. ఇంక చూడాల్సింది ఏముంది?

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పైకి వెళ్లేసరికి నా కుర్చీలో బాపు ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు చివర, ఒక్క చూపుడువేలు కీబోర్డు మీద. గడిలో తన పేరు ఇంగ్లీషు అక్షరాలతో, ఒక అక్షరం తక్కువగా, కొట్టి ఉంది. తేదీ కూడా పెట్టాడు. పేజీ నెత్తిన ఆ పాత వాక్యం ఉంది. ఆయన దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడు.

"మూడు దినాల సంది కొడ్తున్న బిడ్డా, తీసుకుంటలేదు" అన్నాడు. "అప్పుడేమో నన్నడగకుంట నెలంత రాస్తివి. ఇప్పుడు నా అంతట నేను వస్తే గడప తొక్కనిస్తలేవు."

ఆయన పక్కన నిలబడే రాయడం గడిలో టిక్కు పెట్టాను, ఈసారి పెట్టవలసిన చోట మాత్రమే. బాపు మళ్లీ వేలితో బటన్ నొక్కాడు. కింద ఆ తేదీ పక్కన, ఒక అక్షరం తక్కువతో, ఆయన పేరు వచ్చింది. ఆ అక్షరం దిద్దుతానంటే వద్దన్నాడు, తన చేత్తో రాసింది అలాగే ఉండాలన్నాడు.

ఆ రోజే కంప్యూటర్‌కు దండం పెట్టి, మా ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేశాను. తప్పు ఏ వరుసలో ఉందో చదవకుండా ఏ గడిలోనూ టిక్కు పెట్టను, పరీక్ష కోసం మనిషి పేరు వాడను. ఇప్పటికీ ఏ పేజీ చేసినా 'పేరు' గడిలో అఆఇఈ అని కొడతాను. అఆఇఈని నెలల తరబడి ఎన్ని తేదీల్లో కూర్చోబెట్టినా పన్నెండింటికి కంచం అడగలేదు, దాని జేబుకు పిన్నీసు గుచ్చవలసిన అవసరమూ రాలేదు.